కాగితం మీద రాముడు

తంగళ్ళపల్లి,
నవంబరు 10, 2024

శ్రీవాణికి,

మీ మామ దేవదాస్ రాస్తున్నాను. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. అక్క మోకాళ్ళకు నేను పంపిన నూనె రాస్తున్నదా, లేక సీసా అట్లే గూట్లో పెట్టిందా, రాయి.

ఫోను చేయమని నువ్వు అంటావు. నలభై ఏళ్ళు సాంచాల చప్పుడులో నిలబడి బట్ట నేసిన చెవులు ఇవి. మనిషి ఎదురుగా ఉంటే పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటాను. ఫోనులో పెదవులు కనపడవు. అందులో వచ్చే రాతలు నా కళ్ళకు ఆనవు. అందుకే ఉత్తరం. సిరిసిల్ల పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవరు అడిగేది నేనొక్కడినేనని అక్కడి అమ్మాయి నవ్వుతుంది.

సంగతి ఏమంటే, ఊళ్ళో మళ్ళీ చిరుతల రామాయణం ఆడించాలని ఉంది. చేతుల్లో తాళం వేసే చెక్క చిరుతలు, కాళ్ళకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ పాడుతూ వారం పాటు కథ నడుపుతాం, నీకు గుర్తుండాలి. చిన్నప్పుడు అక్క ఒడిలో నిద్రపోయి పట్టాభిషేకానికి లేచేదానివి. మా ఊళ్ళో ఆడి పదేళ్ళు దాటింది. నేర్పేవాళ్ళలో ఈ చుట్టుపక్కల నేనే మిగిలాను. ఇప్పటికి నాకు చిరుతల చప్పుడు వినపడుతున్నది. అది కూడా పోకముందే ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా ఆడించాలి.

సాంచాలు బందయ్యాక సాయంత్రం మగవాళ్ళు వస్తున్నారు. వేషాలు, మైకు, పందిరి మా చందాలతో అయ్యేవి కావు. ఊరి కళలకు సర్కారు సహాయం ఇస్తున్నదని, దరఖాస్తు కంప్యూటరులో పెట్టాలని దర్జీ అక్బర్ చెప్పాడు. నువ్వు కోరుట్ల గ్రంథాలయంలో కంప్యూటరు ముందే కదా కూర్చునేది. వస్తున్నవాళ్ళ పేర్లు వెనక రాశాను.

ఎవరికి ఏ వేషమో ఇంకా చెప్పలేదు. అందరూ అందరి పాటలు నేర్చిన తర్వాతే గురువు వేషాలు పంచాలి. మా గురువు అట్లే చేశాడు. ముందే చెబితే ఎవరి పాట వాళ్ళు నేర్చుకుని ఇంటికి పోతారు.

జవాబు అక్బర్ దుకాణానికి రాయి. నేను ఇంట్లో దొరకను.

నీ మామ
దేవదాస్


కోరుట్ల,
నవంబరు 19, 2024

మామా,

నీ ఉత్తరం చూసి అమ్మ ముందు చేతిరాత బాగాలేదన్నది, తర్వాత చదవమన్నది. నూనె రాస్తున్నది. నొప్పి తగ్గిందని మాత్రం ఒప్పుకోదు. "తమ్ముడు పంపిండు గదా, గందుకే మండుతుంది" అంటున్నది.

దరఖాస్తు పెట్టాను. రెండు రోజులు పట్టింది. అందులో అడిగేవి వింటే నీకు నవ్వొస్తుంది. మీ ప్రాజెక్టులో కొత్తదనం ఏమిటి అని అడిగారు. రామాయణంలో కొత్తదనం ఏం రాయను? ఆడేవాళ్ళు కొత్తవాళ్ళు అని రాశాను. సమాజంలో ఏం మార్పు వస్తుంది అని అడిగారు. సాయంత్రాలు ఊళ్ళో మగవాళ్ళు ఎక్కడున్నారో ఆడవాళ్ళకు తెలుస్తుంది అని రాశాను. మా గ్రంథాలయానికి పేపరు చదవడానికి వచ్చే రిటైర్డు సారు ఒకాయన అది చూసి, ఇంత నిజం రాస్తే డబ్బులు ఇవ్వరమ్మా అన్నాడు. అయినా కొట్టేయలేదు.

ఒక్క చోట ఆగిపోయింది. ప్రతి పేరు పక్కన పాత్ర రాయాలి. ఖాళీగా వదిలితే పక్క పేజీకి పోనివ్వలేదు. ఆఖరు తేదీ మరునాడే. నువ్వు పేర్లు రాసిన వరుసలో నాకు గుర్తొచ్చిన పాత్రలు నింపేశాను. మొదటి పేరు సాయినాథ్‌ది కాబట్టి అతను రాముడు. చివరి పేరు మధుకర్ దగ్గరికి వచ్చేసరికి శూర్పణఖ మిగిలింది. ఇది ఉత్త కాగితం పని, ఎవరూ చూసేది కాదు. వేషాలు నువ్వు పంచినట్టే పంచు.

పాత్రల పట్టీతో సహా దరఖాస్తు అందినట్టు ముద్ర వేసిన కాగితం దీంతో పంపుతున్నాను. దాచిపెట్టు.

శ్రీవాణి


తంగళ్ళపల్లి,
నవంబరు 28, 2024

శ్రీవాణికి,

కోపం లేదు బిడ్డా, కాని జరిగింది చెప్పాలి.

నీ కవరు వచ్చేసరికి నేను దుకాణంలో లేను. సర్కారు కవరు అనుకుని అక్బర్ విప్పాడు. సాయంత్రం కావడంతో అందరూ అక్కడే ఉన్నారు. ఎవరికి ఏ వేషమో గట్టిగా చదివి వినిపించాడు. నేను పోయేసరికి సాయినాథ్ నల్లా కింద తల పెట్టి కడుక్కుంటున్నాడు.

సాయినాథ్ ఎవరో నీకు తెలియదు. మా పక్కింటివాడు. సాంచాల మీద మంచి పనివాడే. కూలి చేతికి వచ్చిన రోజు మాత్రం ఇంటి దారి మరచిపోతాడు. నేను పేర్లు రాస్తుంటే, తాగి మా గడపలో కూర్చుని ఉన్నాడు. నా పేరు రాయవా అంటే మొదట రాసి పంపించేశాను. అంతే.

అది ఉత్త కాగితం అని నేను చెప్పాను. అక్బర్ ముద్ర మీద వేలు పెట్టి చూపించాడు.

"మోహరు పడ్డంక కాయితం ఎట్లయితది కాకా? హుకుం అయితది. నేనైతే కొలతలు తీస్కున్న."

కొలతలు తీసుకోవడమే కాదు, రాముడి పట్టు అంగీ సాయినాథ్ ఛాతీకి కత్తిరించి పెట్టాడు. అందులో మధుకర్ లాంటి వాళ్ళు ఇద్దరు పడతారు.

రాముడి వేషం పడ్డవాడు ఆ రోజు నుంచి పట్టాభిషేకం అయ్యి గజ్జె విప్పేదాకా మాంసం ముట్టొద్దు, కల్లు సారా ముట్టొద్దు. ఇది మా దగ్గర ఎవరూ దాటని కట్టు. సాయినాథ్ ఆ సాయంత్రం నుంచే పట్టాడు. మరునాడు అతని భార్య ఊర్మిల ముంతెడు పెరుగు తెచ్చి మా ఇంట్లో పెట్టిపోయింది. నా మొహం చూడలేదు.

ఇక మధుకర్. ఊళ్ళో గొంతున్నవాడు వాడొక్కడే. "ముక్కు కోపిచ్చుకునేతందుకు నాకు గింత గొంతెందుకు మామా" అని చిరుతలు నా చేతిలో పెట్టి పోయాడు. మళ్ళీ రాలేదు. సాయినాథ్ పాడితే నూనె లేని తలుపు తీసినట్టు ఉంటుందట. నాకు వినపడదు కాబట్టి బతికిపోయాను.

నా మనసులో రాముడు మధుకరే. ఏం చేయాలో తోచడం లేదు.

మామ


కోరుట్ల,
డిసెంబరు 6, 2024

మామా,

నా తొందర వల్ల నీకు ఇంత తలనొప్పి వచ్చిందని తెలిసి ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. అమ్మ మాత్రం నవ్వి నవ్వి మంచం మీద పడిపోయింది. నీ తోడబుట్టిన దాని దగ్గర నాకు ఓదార్పు దొరకదు.

నీ మనసులో ఏముందో రాశావు కాబట్టి ఆలస్యం చేయలేదు. ఈ ప్రాంతానికంతా దఫ్తరు జగిత్యాలలో ఉన్నది. సెలవు పెట్టి బస్సెక్కి పోయాను. అక్కడ హఫీజా బేగం అనే మేడం చూస్తారు. నెమ్మదైన మనిషి. పాత్రలు తప్పు పడ్డాయని చెబితే అక్కడే సరిచేయించారు. ఇప్పుడు మధుకర్ రాముడు, సాయినాథ్ శూర్పణఖ. జనవరిలో ఆమె తంగళ్ళపల్లికి వచ్చి మీ అభ్యాసం చూస్తారట. చూసి బాగుందని రాస్తేనే సహాయం.

అంగీ విప్పి చిన్నది చేయమని అక్బర్ భాయికి చెప్పు. జగిత్యాల బస్టాండులో జామకాయలు బాగున్నాయి, కాని బస్సు కుదుపులకు సగం నా బ్యాగులోనే పచ్చడయ్యాయి.

శ్రీవాణి


తంగళ్ళపల్లి,
డిసెంబరు 7, 2024

శ్రీవాణికి,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగకుండా రాస్తున్నాను. దరఖాస్తులో ఏమీ మార్చకు.

ఎందుకో చెబుతాను. చిరుతల ఆటలో గొంతు ఒక్కరిది కాదు. ఒకరు ఎత్తుకుంటే వలయం అంతా అందుకుంటుంది. రాముడి గొంతు బాగాలేకపోతే వలయం కప్పేస్తుంది. అడుగు తప్పితే మాత్రం కప్పడానికి ఏమీ ఉండదు. నేను చెప్పులు విప్పి నేల మీద నిలబడతాను. ఎవరి అడుగు ఎక్కడ పడుతున్నదో నా అరికాలికి తెలుస్తుంది. సాయినాథ్ అడుగు తప్పడు. తాగినప్పుడు తూలే మనిషి, తాగనప్పుడు ఇట్లా నిలబడతాడని నాకు తెలియదు. పక్కిల్లే, అయినా తెలియదు.

మొన్న ఊర్మిల మా ఇంటిదానితో అన్నదట, "ఇప్పుడు మా ఇంట్ల గిన్నెలు ఎగురుతలేవు అత్తా" అని.

మధుకర్ దగ్గరికి నేనే పోయాను. అందరి ముందు బతిమాలితే వాడు వినడు, ఒంటరిగా సాంచాల దగ్గర పట్టుకున్నాను.

"శూర్పణఖ పాట నీకు రాదు, గందుకే ఉరికినవ్" అన్నాను.

"నాకు రాని పాటనా?"

"ముక్కు తెగినంక ఏడ్వాలె. గది చూసి జనం నవ్వాలె. నవ్వినోళ్ళే మళ్ళ పాపం అనాలె. మా గురువు దప్ప గది ఎవ్వరు చెయ్యలె. రాముని పనేముంది, నిలవడితే అయిపాయె."

వాడు మరునాడు సాయంత్రం వాళ్ళావిడ చీర సంచిలో పెట్టుకుని వచ్చాడు. చీర తెచ్చినందుకు ఆమె వెనకే వచ్చి గొడవ చేసింది. అంతా బాగా నడుస్తున్నది. అందుకే, ఏమీ మార్చకు.

మామ


కోరుట్ల,
డిసెంబరు 14, 2024

మామా,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్ని ఒకటి దాటిపోయాయి. నాది ఈపాటికి నీకు అంది ఉంటుంది. మార్చేశాను.

మళ్ళీ జగిత్యాలకు పోయాను. ఒక దరఖాస్తుకు ఒకసారే దిద్దుబాటు అట. హఫీజా మేడం మంచిగానే చెప్పారు. "పరిశీలనకు నేను ఈ పట్టీ పట్టుకునే వస్తాను. పేరు పిలిస్తే ఆ పాత్ర లేవాలి. ఎవరు లేవకపోతే వాళ్ళ గురించి నేనేం రాయను?" అన్నారు.

అమ్మ అంటున్నది, సాయినాథ్‌ను ఆ ఒక్క రోజు ఎక్కడికైనా పంపించమని. నాకు అది నచ్చలేదు. ముందే అతనికి చెప్పడం మంచిదేమో. చెబితే ఏమవుతుందో నీకే తెలుసు.

తప్పు నాది. తిట్టి రాసినా పర్వాలేదు, రాయకుండా మాత్రం ఉండకు.

శ్రీవాణి


తంగళ్ళపల్లి,
జనవరి 24, 2025

శ్రీవాణికి,

రాయలేదంటే ధైర్యం చాలలేదు. సాయినాథ్‌కు చెప్పడానికి కూడా చాలలేదు. పొద్దున చెబుదామనుకుంటే సాంచాల దగ్గర ఉంటాడు. సాయంత్రం చెబుదామనుకుంటే గజ్జె కట్టుకుని అందరికంటే ముందు నిలబడతాడు. అట్లా మేడం వచ్చే రోజు వచ్చింది.

హఫీజా బేగం గారు జీపు దిగి మా అందరికీ దండం పెట్టారు. అక్బర్ కుర్చీ వేశాడు. ఊర్మిల, మరికొందరు ఆడవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు. మేడం అద్దాలు పెట్టుకుని పట్టీ తీశారు. నేను ఆమె పెదవులనే చూస్తున్నాను.

"రాముడు, మధుకర్" అన్నారు.

ఎవరూ కదలలేదు. సాయినాథ్ నావైపు చూశాడు. నేను మేడం పెదవుల మీదనే చూపు నిలిపాను, ఆమె మళ్ళీ ఏదైనా అంటారేమోనన్నట్టు. మధుకర్ చీర కుచ్చిళ్ళు పట్టుకుని ముందుకు వచ్చాడు.

"నేను శూర్పణఖను మేడం. కాయితంల తప్పు వడ్డది. రాముడు అగో, గాయన."

"తప్పు అంటే ఎట్లా? దిద్దించి కూడా ఇదే రాశారు."

"దిద్దినోళ్ళకు తెల్వదు మేడం. నా మొకం జూడుండ్రి. గిది రాముని మొకమా?"

అని అక్కడికక్కడే ముక్కు మీద చేయి పెట్టుకుని పాట ఎత్తుకున్నాడు. పాట నాకు సగమే అందింది, కాని గోడ పక్కన ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకోవడం చూశాను. తర్వాత వాళ్ళే ఆ కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. మేడం పట్టీ ఒళ్ళో పెట్టేసి చూశారు. అయిపోయాక పెన్ను తీసి రెండు పేర్లూ కొట్టి, అటుది ఇటు రాసి, పక్కన సంతకం పెట్టారు. చాయ తాగి పోయారు.

రాముడి వేషం ఎదురుగా వచ్చి నిలబడితే మధుకర్ ఎందుకు వద్దన్నాడో నేను అడగలేదు. సాయినాథ్ కూడా అడగలేదు. మరునాడు సాంచాల దగ్గర మధుకర్‌కు చాయ పోయించాడని విన్నాను.

నిన్ను తిట్టాలని కవరు తెచ్చాను. ఇప్పుడు అందులో చోటు లేదు.

మామ


కోరుట్ల,
ఫిబ్రవరి 15, 2025

మామా,

మంజూరైంది. అడిగినంత ఇవ్వలేదు, కాని వేషాలకు, మైకుకు సరిపోతుంది. సగం ఇప్పుడు మీ సంఘం ఖాతాలో పడుతుంది. మిగతా సగం ఆట పూర్తయ్యాక. మార్చి ఆఖరులోపు పట్టాభిషేకం ఫోటోలు, పూర్తయిందని నీ సంతకం నేను జగిత్యాలలో ఇవ్వాలి. ఏప్రిల్ వస్తే ఆ సగం తిరిగి పోతుంది. పందిరి వాళ్ళకు ఆ సగంలోంచే ఇవ్వాలి, గుర్తు పెట్టుకో.

హఫీజా మేడం తన నివేదికలో ఏం రాశారో చూపించారు. "శూర్పణఖ పాత్రధారిని వేరే ఊళ్ళ బృందాలకు కూడా పంపదగును" అని రాశారు. మధుకర్‌కు చెప్పు. వాళ్ళావిడకు చీర కొనివ్వమని కూడా చెప్పు.

ఇక్కడ వీధి వీధికీ పసుపు ఉడకబెడుతున్నారు. గ్రంథాలయంలో పుస్తకం విప్పినా అదే వాసన. పట్టాభిషేకానికి అమ్మ వస్తానంటున్నది. ముందు వరుసలో వీపు ఉన్న కుర్చీ కావాలట.

శ్రీవాణి


తంగళ్ళపల్లి,
మార్చి 3, 2025

శ్రీవాణికి,

అక్కకు కుర్చీ దొరుకుతుంది. ఇప్పుడు వేరే సంగతి.

పట్టాభిషేకం మార్చి ఇరవై మూడు ఆదివారం అని పెట్టాను. అందరూ సంబరపడ్డారు. సాయంత్రం ఊర్మిల వచ్చింది. ఈసారి పెరుగు తేలేదు. నాకు అర్థం కావాలని ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పింది.

"పట్టాభిషేకం వద్దు మామా."

"వద్దంటే ఎట్ల? గందుకే గదా గిదంత."

"అయినంక గజ్జె ఇప్పుతరు. ఇప్పినంక కట్టు ఉండదు. గా రాత్రే దోస్తులు పట్టుకపోతరు, నాకు ఎర్కనే. రాజు కాకుంటేంది? ఇంకిన్ని రోజులు అడవిలనే ఉంచు."

ఊళ్ళో ఇంతమంది రాముడు ఎప్పుడు తిరిగి వస్తాడా అని చూస్తుంటే, ఈమె ఒక్కతే రావద్దంటున్నది. నవ్వు రాలేదు. నేను ఆడించకపోతే ఈ ఆట ఇక లేదు. ఆడిస్తే పక్కింట్లో మళ్ళీ గిన్నెలు ఎగురుతాయి. మేడంను అడిగి రెండు నెలలు గడువు దొరుకుతుందేమో చూడు. పందిరి వాళ్ళను నేను ఆపుకుంటాను.

మామ


కోరుట్ల,
మార్చి 11, 2025

మామా,

అడిగాను. గడువు లేదు. ఆర్థిక సంవత్సరం ఎవరి కోసమూ ఆగదన్నారు.

నాకైతే ఆపడం న్యాయం అనిపించలేదు. ఆ మనిషి అంగీ కుట్టించుకుని, పాటలు నేర్చుకుని, కిరీటం దాకా వచ్చాడు. భార్య ఆపించిందని తెలిస్తే అతనికి తాగడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. కోపం తెచ్చుకోకు, నాకు తోచింది రాశాను.

అక్బర్ భాయి ఫోనులో ఊర్మిలతో మాట్లాడాను. ఓదార్చాలని మాటలు సిద్ధం చేసుకున్నాను, ఆమె వినలేదు. "గజ్జె విప్పుడు మంగళహారతికి ముందా, ఎన్కనా?" అని ఒక్కటే అడిగింది. నాకు తెలియదు, మామను అడుగు అన్నాను. పెట్టేసింది.

మేము ఆదివారం వస్తున్నాం.

శ్రీవాణి


తంగళ్ళపల్లి,
మార్చి 26, 2025

శ్రీవాణికి,

మీరు ఫోటోలు తీసుకుని ఆఖరి బస్సుకు పరుగెత్తారు. అక్క ఆ మోకాళ్ళతో అంత వేగంగా నడవడం చూసి నా నూనె పనిచేసిందని అందరికీ చెబుతున్నాను. ఇక మీరు పోయాక ఏం జరిగిందో వినండి.

కిరీటం పెట్టడం మీరు చూశారు. తర్వాత బంధువులు వరుసగా వచ్చి ఆటగాళ్ళకు బట్టలు పెట్టారు. అది ముగిస్తే మంగళహారతి, ఆ తర్వాత గజ్జె విప్పడం. సాయినాథ్ దోస్తులు ఇద్దరు పందిరి గుంజ దగ్గర ఎదురుచూస్తున్నారు. బట్టలు పెట్టే వరుస చివర ఎవరో కొత్త మనుషులు నలుగురు పెద్దవాళ్ళు, తలపాగాలతో. ఎవరి చుట్టాలో అనుకున్నాను. వాళ్ళు రాముడి ముందుకు వచ్చి బట్టలు పెట్టలేదు. తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ పళ్ళెంలో చాపారు.

అంతకు వారం ముందు ఊర్మిల మళ్ళీ వచ్చి, గజ్జె విప్పడం గురించి అడిగితే చెప్పాను. హారతి లోపే వేరే ఊరివాళ్ళు వచ్చి రాముడి చేతిలో కొబ్బరికాయ పెడితే, గజ్జె విప్పొద్దు. ఆ ఊరికి పోయి కథ మొదటినుంచి మళ్ళీ చెప్పాలి. నా పడుచుతనంలో ఒకసారి మల్యాల వాళ్ళు అట్లాగే వచ్చారని, మేము ఇల్లు చేరేసరికి నాట్లు పడుతున్నాయని ఏదో కబురుగా చెప్పాను. ఆమె అంతా విని ఇంటికి పోయింది. మరునాడు పుట్టింటికి పోయిందని మా ఇంటిది చెబితే, అలిగి పోయిందనుకున్నాను.

సాయినాథ్ ఆ పళ్ళెం చూశాడు. నన్ను చూశాడు. తీసుకోవాలా వద్దా అన్నది రాముడు తేల్చుకోవాల్సింది. తర్వాత అతను వాళ్ళ వెంట వచ్చి గోడ పక్కన నిలబడ్డ ఊర్మిలను చూశాడు. నేను ఇద్దరి పెదవులూ కనపడేటట్టు జరిగాను.

"మీ వీర్నపల్లోళ్ళేనా?" అన్నాడు.

"మా వీర్నపల్లోళ్ళే" అన్నది.

"ఆడ అయినంక?"

"మేం అక్కజెల్లెండ్లం ఐదుగురం. ఐదూర్లకు ఇచ్చిండ్రు."

ముందు మధుకర్ నవ్వాడు. ముక్కు మీద చేయి పెట్టుకుని, "ఐదు సార్లు కోస్తరా నాది?" అన్నాడు. ఇక పందిరిలో ఎవరూ ఆగలేదు. దోస్తులు ఇద్దరూ కూడా నవ్వి, గుంజ దగ్గర నుంచి కదిలి వచ్చి కింద కూర్చున్నారు.

సాయినాథ్ నవ్వలేదు. రెండు చేతులూ చాపి కొబ్బరికాయ అందుకున్నాడు. దాన్ని పక్కన పెట్టి, కిరీటం జారకుండా ఒక చేత్తో పట్టుకుని కిందికి వంగి, వదులైన గజ్జె ముడి బిగించుకున్నాడు.

మామ